ఒకే చిరునామాలో పదకొండు మంది

మా కుటుంబంలో అనుమానించడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి నేనే. జీతం లేదు కానీ మర్యాద బాగానే ఉండేది.

బంధువుల వాట్సాప్ గుంపులోకి ఏ లింకు వచ్చినా, "ఎవురూ నొక్కొద్దు, తమ్ముడు చూసి చెప్తాడు" అని అక్క రాసేది. నేను ఆ లింకును తీసుకెళ్లి, ఆన్‌లైన్ మోసాల్ని బయటపెడతామని చెప్పుకునే ఒక వెబ్‌సైటులో అతికించేవాణ్ణి. దానికి పైన భూతద్దం బొమ్మ, మధ్యలో ఒక ఎర్ర ముల్లు. ఆ ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి, వందకి ఇన్ని మార్కులని చెప్పి ఆగేది. యాభై దాటకపోతే నేను గుంపులో ఒకే ఒక్క మాట పెట్టేవాణ్ణి: "మోసం." వివరాలు అడిగితే, "చాలా లోతైన విషయం" అనేవాణ్ణి. నిజానికి దాని లోతు ఒక కాపీ, ఒక పేస్టు. అయినా పెళ్లిళ్లలో పెద్దవాళ్లు నా పక్క కుర్చీలోకి జరిగి, డాక్టరుతో రోగం చెప్పుకున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

మాది తమిళనాడులో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం; నేను అక్కడి కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో బిల్లులు కొడతాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇంటర్నెట్ గుట్టంతా తెలుస్తుందని మా వాళ్ల నమ్మకం. ఆ లెక్కన రోజంతా బస్సులో కూర్చునే కండక్టరుకి ఇంజను విప్పడం తెలియాలి. కానీ నేను వాళ్ల నమ్మకాన్ని చెడగొట్టలేదు. నమ్మకం అరుదైన సరుకు కదా, దొరికినప్పుడు వాడుకోవాలి.

ఆ సైటు మాట విని నేను కొట్టిపారేసిన వాళ్లలో ఒకావిడ బాగా గుర్తుంది. తూత్తుకుడి దగ్గర ఏదో ఊళ్లో కూర్చుని తాటిబెల్లం అమ్మేది. మేము దాన్ని కరుపట్టి అంటాం. మా పెదనాయనకి, అంటే మా నాన్న అన్నకి, కాఫీలో కరుపట్టి లేకపోతే అది కాఫీ కాదు, వేడినీళ్లు. ఆవిడ పేజీ లింకు గుంపులో పెట్టి, "ఇది కొనొచ్చునా?" అని అడిగాడు. సైటు ముప్పై ఎనిమిది మార్కులేసింది. పేజీ కొత్తది, యజమాని వివరాలు లేవు, జాగ్రత్త అంది. నేను "మోసం" అన్నాను. పెదనాయన ఆ రోజు నుంచి చక్కెర కాఫీ తాగుతూ, ప్రతి గుక్కకీ నా వైపు చూసేవాడు.

ఇంతలో అక్క సొంతంగా కడలమిఠాయి మొదలుపెట్టింది.

మా ఊళ్లో ఇదేమిటో చెప్పాల్సిన పని లేదు. వేయించిన వేరుశనగపప్పు, బెల్లంపాకం, పలకమీద పోసి కర్రతో పరిచి ముక్కలు కోయడం. ఊళ్లో సగంమంది చేస్తారు, మిగతా సగం తింటారు. అక్క పన్నెండేళ్లు వేరేవాళ్ల దగ్గర ఆ ముక్కలు కోసింది. పాకం ఎప్పుడు దింపాలో దాని వాసన చూసి చెప్పగలదు. కానీ ఆమె చేతి మిఠాయి ఎప్పుడూ ఎవరిదో పేరున్న కవరులో పోయేది. ఒకరోజు ఆ పని మానేసి, ఇంటి వెనక పొయ్యి వేయించుకుని, తన పేరుతో లేబుల్ అచ్చు వేయించుకుంది. మిఠాయి చేయకముందే లేబుల్ వేయించింది. దాన్ని గోడకి అంటించి నాలుగు రోజులు చూసుకుంది.

వెబ్‌సైటు నేను తయారుచేశాను, ఒక ఆదివారం, రెండు పూటలా భోజనం లంచంగా తీసుకుని. ఫోటోలో ముఖం వద్దంది, పాకం కలిపే చేతులు మాత్రమే తీయించుకుంది. ఫోన్ నంబరు నా పేరు మీద ఉన్న సిమ్‌ది, ఎందుకంటే ఆ సిమ్ కొన్నది నేను. చిరునామా పెదనాయన ఇల్లు.

ఈ చిరునామా సంగతి కొంచెం చెప్పాలి. మా పంగాళ్ల ఇళ్లు, అంటే దాయాదుల ఇళ్లు, ఒకే సందులో ఉంటాయి. తలుపులకి పాత నంబర్లు కొన్ని, కొత్త నంబర్లు కొన్ని, రెండూ లేనివి కొన్ని. సందు మధ్యలో కాలువ మీది బండ విరిగాక కొరియర్ బండి లోపలికి రాదు. అందుకని బ్యాంకుకైనా గ్యాసుకైనా పాన్ కార్డుకైనా అందరూ సందు మొదట్లో ఉన్న పెదనాయన ఇంటి నంబరే రాస్తారు. ఆయన అరుగు మీద కూర్చుని అందరివీ అందుకుంటాడు, కొన్ని చదువుతాడు కూడా. మాకు ఇందులో వింతేమీ కనబడలేదు. దాయాదులన్నాక చిరునామా కూడా ఉమ్మడే అనుకున్నాం.

ఆరు నెలలకి అక్కకి పెద్ద ఆర్డరు వచ్చింది. విరుదునగర్‌లో ఒక మిరపకాయల వ్యాపారి ఇంట్లో పెళ్లి. వచ్చినవాళ్లకి ఇచ్చే తాంబూలం సంచిలో కొబ్బరికాయ, ఆకు వక్కతో పాటు ఒక మిఠాయి ప్యాకెట్టు. అంటే అక్క పేరు వందల ఇళ్లలోకి ఒకేరోజు పోతుంది. ఆమె గోడమీది లేబుల్ తీసేసి కొత్తది అంటించింది. పాతది కొంచెం వెలిసిందట. నాకు తేడా కనబడలేదు.

పెళ్లికి మూడు వారాలుండగా వ్యాపారి కొడుకు నుంచి ఒక ఫోటో వచ్చింది. కింద ఒక్క వాక్యం: "ఇది ఏమిటి?"

భూతద్దం బొమ్మ. ఎర్ర ముల్లు. అక్క వెబ్‌సైటుకి వందకి ఇరవై రెండు.

నేను ఎందరికో వేసిన శిక్ష మా వాకిట్లోకే వచ్చి కూర్చుంది. అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుని చూసి, తిరిగిచ్చి, "చదివి చెప్పు" అంది. ఇంగ్లీషులో ఉంది. నేను చదువుతూ మాకు తెలిసిన భాషలోకి మార్చాను. ఒకే చిరునామాలో పదకొండు వ్యాపారాలు నమోదై ఉన్నాయి, ఇది దొంగ కంపెనీల లక్షణం. ఫోను వేరొకరి పేరు మీద ఉంది. ఫోటోల్లో మనుషుల ముఖాలు లేవు. మోసం కావడానికి అవకాశం ఎక్కువ.

అక్క నేను చదివినవన్నీ ఒక్కొక్కటిగా వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత, "దీంట్లో అబద్ధం ఏముండాది?" అంది.

అదే చిక్కు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే పేర్చి అబద్ధం కట్టారు. మా బావమరిది కూడా కథలు చెప్తాడు కానీ ఇంత శుభ్రంగా చెప్పలేడు.

పెదనాయన దగ్గరికి పోయి పదకొండు ఎవరా అని లెక్కపెట్టాం. జాకెట్లు కుట్టే పిన్ని, నీళ్ల క్యాన్లవాడు, మేకలవాడు, ఇన్సూరెన్సు ఏజెంటు, ఇలా పది తేలాయి. పదకొండోది ఎవరికీ తెలియలేదు. మేకలవాడు రెండుసార్లు నమోదు చేసుకున్నాడని మా అనుమానం, అతనిదేమో మేకల మీద.

పెదనాయన మాత్రం కొంచెం నిరాశపడ్డాడు. "పదకొండేనా? పోయిన ఏడాది పదమూడు ఉండె."

ఆ సైటుకి ఉత్తరం రాశాను. మర్యాదగా, సందు సంగతి, కాలువ బండ సంగతి అన్నీ వివరించి. నిమిషంలో జవాబొచ్చింది, అంటే ఎవరూ చదవలేదన్నమాట. రుసుము కడితే పరిశీలించి 'ధ్రువీకరించిన వ్యాపారం' అనే ముద్ర ఇస్తామన్నారు. డబ్బు తీసుకుని నమ్మకం ఇచ్చేవాళ్లని ఏమంటారో తెలుసుకోవడానికి నేను ఇంతకాలం వాళ్లనే అడుగుతూ వచ్చాను.

అప్పుడు మొదటిసారి ఆ సైటు పేజీని పూర్తిగా కిందదాకా జరిపి చూశాను. అన్నేళ్లుగా నేను మార్కులు చూడగానే మూసేసేవాణ్ణి. అట్టడుగున చిన్న పెట్టెలో, "దీని బదులు నమ్మదగినది" అని ఇంకో మిఠాయి కొట్టు లింకు ఉంది. ముద్ర ఉన్న కొట్టు. ఒక అనుమానమొచ్చి కరుపట్టి ఆవిడ పేజీ తీశాను. దాని కిందా ఒక పెట్టె ఉంది, అందులో ఇంకో బెల్లం కొట్టు.

ఆ సైటు నమ్మదగినదేనా అని ఇంకో చోట వెతికాను. మోసాల్ని బయటపెట్టే సైట్ల మోసాల్ని బయటపెట్టే సైటు ఒకటి దొరికింది. అది మొదటిదాన్ని మోసం అంది. ఆ రెండోదాన్ని తెచ్చి మొదటిదాంట్లో అతికించాను. ముల్లు ఊగి, పందొమ్మిది దగ్గర ఆగింది. మా దాయాదుల్లో కూడా పొలం గట్టు తగాదా ఇట్లాగే ఉంటుంది. ఇద్దరూ ఎదుటివాడి గురించి చెప్పేది నిజమేమోనన్న భయంతో నేను మూడో సైటు జోలికి పోలేదు.

"నేరుగా పోదాం" అంది అక్క. ఒక డబ్బా నిండా మిఠాయి కట్టుకుంది. మరుసటి రోజు పొద్దున ప్యాసింజర్ ఎక్కాం. దారిపొడుగునా నేను ఏమేం మాట్లాడాలో చెప్పాను. సాత్తూరు వచ్చేసరికి అక్క, "నువ్వు అక్కడ మాట్లాడకుండా ఉండేదానికి ఏమి తీసుకుంటావు?" అంది. విరుదునగర్‌లో పరోటా అన్నాను. ఒప్పందం కుదిరింది.

మిరపకాయల కొట్టు వీధిలోకి అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. అక్కడివాళ్లెవరూ తుమ్మరు, తుమ్మేవాణ్ణి చూసి పొరుగూరివాడని పోల్చుకుంటారు. వ్యాపారి చాపమీద, బస్తాలకి ఆనుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో మడిచిన కాగితాలు. కొడుకు పక్కన కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు, నాకన్నా వయసులో కొంచెం పెద్ద. అక్క తమిళంలో మొదలుపెట్టింది. నేను మధ్యలో తుమ్మి, "అక్కా, డబ్బా కింద పెట్టు" అన్నాను.

తెలుగు వినబడగానే పెద్దాయన తల ఎత్తాడు. "మనోళ్లా? ఏ ఊరు?"

ఆ తర్వాత పది నిమిషాలు వ్యాపారం జరగలేదు. మా అమ్మ పుట్టినూరు, మా అవ్వ తమ్ముడి అల్లుడు, ఎవరో ఒకరి పొలం పక్క ఎవరిదో బావి, అన్నీ అడిగాడు. మా వాళ్లలో కొత్త మనిషి పంగాళి అని తేలితే పెదనాయన, తేలకపోతే మామ. చివరికి ఆయన మామ అయ్యాడు. ఇది కూడా ఒక రకం తనిఖీయే, ముల్లు ఒక్కటే లేదు. పని అయిపోయిందనుకుని నేను పరోటా గురించి ఆలోచించసాగాను.

"వావి కలిసినాదని నమ్ముతానని అనుకోవద్దమ్మా" అన్నాడు పెద్దాయన. "నన్ను ముంచినోళ్లంతా వావి కలిసినోళ్లే."

డబ్బా మూత తీసి, పైవరస ముట్టుకోలేదు. చెయ్యి అడుగుదాకా దించి, కిందినుంచి ఒక ముక్క లాగాడు. మిరపకాయల బస్తాలోనూ ఇట్లాగే చేస్తాడట, పైన ఎర్రగా ఉండేది అందరికీ ఉంటుందట. విరిచాడు. టప్‌మంది. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"తీపి కొంచెం ఎక్కువ" అన్నాడు.

తర్వాత అక్క చేతులు చూశాడు. పాకం చిట్లి కాలిన మచ్చలు మోచేతిదాకా ఉంటాయి. కొడుకు వైపు తిరిగి, "ఆ బొమ్మ చూపించు" అన్నాడు.

కొడుకు ల్యాప్‌టాప్ తిప్పాడు. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఎర్ర ముల్లును చూశాడు. "వీడు ఎవురు?"

"ఎవురని రాసి లేదు నాయనా. మోసాలు కనిపెట్టేవాళ్లు."

"ఎవురో తెలియనివాడు, ఈయమ్మ ఎవురో తెలియదంటాడు" అన్నాడు పెద్దాయన. "ఇదో, యాభై ఏండ్లుగా ఈ కొట్లో కూచున్నా. సరుకు బాగలేదని అరిచేవాడు రెండు రకాలు. కొనేవాడు, వెల తగ్గాలని. పక్క కొట్టువాడు, వాని సరుకు అమ్ముడుపోవాలని. ఊరికే అరిచేవాణ్ణి నేను చూడలేదు. వీడు ఏ రకం?"

నేను మాట్లాడనని ఒప్పుకున్నాను కాబట్టి మాట్లాడలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి పోయి పేజీని కిందదాకా జరిపాను. చిన్న పెట్టె వచ్చింది. ముద్ర ఉన్న మిఠాయి కొట్టు.

"ఆ" అన్నాడు పెద్దాయన. "పక్క కొట్టువాడు."

అక్క పెదవి కొంచెం కదిలింది. ఆయన లెక్క ప్రకారమే చూస్తే, తీపి ఎక్కువన్నవాడు కొనేవాడు అవుతాడు మరి.

కానీ కొడుకు తగ్గలేదు. అతను చెప్పింది కాదనలేని మాట. "నువ్వు చెప్పేది సరే నాయనా. పెండ్లికొచ్చేవాళ్లకంతా ఈ కత ఎవురు చెప్పేది? సంచిలో చెయ్యి పెడతారు, పేరు చూస్తారు, ఫోన్లో కొడతారు. మోసమని వస్తాది. పోయే పేరు వీళ్లది కాదు, మనది."

పెద్దాయన బస్తాని వేలితో గీకుతూ ఉన్నాడు. చాలాసేపటికి, "సరుకంతా తీసుకుంటామమ్మా. వెల మాట్లాడినట్టే. లేబుల్ మాత్రం వద్దు. తెల్ల కవర్లో ఇయ్యి" అన్నాడు.

నేను అక్కను చూశాను. ఇది న్యాయమైన మాటే, సరుకు అమ్ముడుపోతుంది, ఎవరూ నష్టపోరు. ఆ క్షణంలో నాకు ఒక్క జోకూ తట్టలేదు. గోడమీది లేబుల్ గుర్తొచ్చింది, అంతే.

"పన్నెండేండ్లు వేరేవాళ్ల దగ్గర పేరు లేకుండా చేసినాను మామా" అంది అక్క. "పేరు లేని మిఠాయి కావాలంటే అక్కడే దొరుకుతాది. వాళ్లది తీపి కూడా తక్కువ."

డబ్బా మూత వేసింది. లేవబోయి ఆగింది. "వాళ్లు చెప్పినాదంతా నేనే లేబుల్ మీద వేస్తే?"

"ఏది?" అన్నాడు కొడుకు.

"అదే. పదకొండు మంది ఒకే ఇంటి నంబరు. ఫోను తమ్ముడిది. మొగం లేదు. అన్నీ నేనే చెప్పేస్తే, ఇంక వాళ్లు బయటపెట్టేదానికి ఏముండాది?"

కొడుకు నన్ను చూశాడు, ఇది మీ ఇంట్లో మామూలేనా అన్నట్టు. పెద్దాయన మాత్రం నవ్వాడు. శబ్దం లేదు, పొట్ట మాత్రం కదిలింది. "దోసం ముందే చెప్పి సరుకమ్మినోణ్ణి ఒక్కణ్ణే చూసినాను. వాని దగ్గరే ఇప్పుడూ కొంటాను" అన్నాడు. కొడుకు ఇంకా ఏదో అనబోయాడు. "పెండ్లి నీ చెల్లెలిది, సంచి నాది" అని అతన్ని ఆపాడు. తర్వాత అక్కతో, "సరి. తీపి తగ్గించు" అన్నాడు.

పరోటా తిన్నాం. అక్కడ దాన్ని నూనెలో వేయించి ఇస్తారు. అక్క తినలేదు, టిష్యూ కాగితం మీద లేబుల్ రాస్తూ కూర్చుంది.

చివరికి లేబుల్ మీద, ఆమె పేరు కింద, తమిళంలో చిన్న అక్షరాలతో మూడు వరుసలు పడ్డాయి. ఈ చిరునామాలో పదకొండు వ్యాపారాలు ఉన్నాయి. ఫోను తమ్ముడి పేరు మీద ఉంది. మా ముఖం చూడాలంటే ఇంటికి రండి, కాఫీ ఇస్తాం. కాఫీ సంగతి పెదనాయనను అడగకుండా వేయించింది.

ఆయన విని, "కాఫీ ఇస్తాము, సరే. చక్కెర కాఫీయా?" అని నా వైపు చూశాడు.

అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఆ రాత్రే కరుపట్టి ఆవిడ పేజీ వెతికి రెండు కిలోలు అడిగాను. పెదనాయన ఇంటి చిరునామా ఇచ్చాను. మరుసటి రోజు ఆవిడే ఫోను చేసింది, గొంతు జాగ్రత్తగా ఉంది. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలో పంపలేనంది. తన అల్లుడు ఏదో సైటులో చూశాడట, ఆ చిరునామా మోసగాళ్లదట, ముందే డబ్బు పంపమంది.

ఏ సైటు అని అడగలేదు. ఫోను పెదనాయనకి ఇచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని అరగంట మాట్లాడాడు, కాలువ బండతో మొదలుపెట్టి. కరుపట్టి నాలుగో రోజుకి వచ్చింది. బాగుందట. పెదనాయన అంతసేపు మాట్లాడినా డబ్బు మాత్రం ముందే పంపాల్సి వచ్చింది. ఆవిడ నమ్మలేదు, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

పెళ్లికి మేమూ పోయాం. వ్యాపారి పిలిచాడు, బహుశా ఏదైనా తేడా వస్తే అప్పగించడానికి మనుషులు దగ్గర్లో ఉండాలని. భోజనాలయ్యాక మండపం గుమ్మం దగ్గర తాంబూలం సంచులు ఇస్తున్నారు. అక్క ఒక స్తంభం వెనక నిలబడి సంచుల్ని కాకుండా చేతుల్ని చూస్తోంది. చాలామంది సంచి తీసుకుని చూడకుండా పోయారు. ఆమెకి అది మోసమనే మాటకన్నా బాధగా అనిపించినట్టుంది.

అప్పుడు ఒకావిడ, పట్టుచీర, చేతిలో ఫోను, కుర్చీలో కూర్చుని సంచిలోంచి ప్యాకెట్టు తీసింది. లేబుల్ చదివింది. మళ్లీ చదివింది. పక్కన ఉన్న భర్తకి చూపించింది. తర్వాత ఫోను తీసి కొట్టడం మొదలుపెట్టింది. దూరం నుంచి కూడా నాకు ఆ భూతద్దం తెలిసిపోయింది. ఎన్నేళ్ల స్నేహం మరి.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎన్ని వేస్తాది?"

"ఇరవై రెండు" అన్నాను. "మారి ఉండదు."

మండపంలో సిగ్నలు సరిగా లేదు. ముల్లు ఊగుతూనే ఉంది. ఎదురుచూస్తూ ఆవిడ ప్యాకెట్టు చింపి ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇంకోటి భర్తకిచ్చింది. మూడోది తనే తింది. ముల్లు ఆగేసరికి కవరు ఖాళీ. ఆవిడ ఫోను చూసింది, కవరు చూసింది. కవరును నాలుగు మడతలు పెట్టి, లేబుల్ పైకి ఉండేలా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"కొంటాది" అంది అక్క.

కొనడానికో, ఫిర్యాదు చేయడానికో నాకు తెలియదు. రెండింటికీ చిరునామా కావాలి.